మిరపకాయలంటే గిట్టని బండి

మా వీధి చివర షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి నా దగ్గర కూర్చుంటారు. బండికి పవరు పెంచాలంటే ఏ పద్ధతి మంచిదని అడుగుతారు. వాళ్ళకు ఇప్పుడు కంప్యూటరుంది. వైరు తగిలిస్తే ఇంజను తన బాధ తానే చెప్పుకుంటుంది. మా రోజుల్లో ఇంజను నోరు విప్పేది కాదు, బండి తెచ్చిన ఆసామి విప్పేవాడు. ఆయన చెప్పినదాంట్లో ఎంత నమ్మాలో తెలుసుకోవడానికి నాకు సర్వీసు మొత్తం పట్టింది. వాళ్ళడిగిన ప్రశ్నకు జవాబుగా నేనెప్పుడూ ఒక్క బండి సంగతే చెబుతాను.

నేను చిలకలూరిపేటలో ఒక డీజిల్ షెడ్డులో హెడ్ మేస్త్రిగా చేసి మానుకున్నాను. ఆదివారాలు మా చర్చి సంఘంలో పెద్దగా ఉండేవాణ్ణి, ఇప్పటికీ ఉన్నాను. వాక్యం చదవకుండా, ప్రార్థన చేసుకోకుండా ఏనాడూ పానా పట్టలేదు. షెడ్డులో నాకొక పేరుండేది. ఈయన అబద్ధం చెప్పడు, కాబట్టి ఆసాముల ముందు ఈయన్ని మాట్లాడనివ్వకూడదు అని. మా యజమాని ఆ నియమాన్ని శ్రద్ధగా పాటించేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, దర్శి పక్క పల్లె నుంచి ఒక ఆసామి తన డీజిల్ పికప్‌ను మా షెడ్డుకి తెచ్చాడు. తన చేలో కాయలూ, ఊళ్ళో నలుగురి కాయలూ దాంట్లో వేసి గుంటూరు యార్డుకి తోలిస్తుంటాడు. మిరపకాయల బస్తాలను మా వైపు టిక్కీలంటారు. ఆ టిక్కీలు క్యాబిను వెనక గోడ దాకా ఆనించి పేరుస్తారు. ఇంజను గాలి పీల్చుకునే గొట్టం కూడా అక్కడే, క్యాబిను వెనక నిటారుగా ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు అప్పట్లో గుర్తురాలేదు.

బండి తళతళలాడుతూ వచ్చింది. పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకొచ్చే ముందు స్నానం చేయించి ఉతికిన బట్టలు కట్టినట్టు, ఆ ఊరివాళ్ళు బండిని షెడ్డుకి తెచ్చే ముందు కాలవలో కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి తెచ్చేవాళ్ళు. చాలాసార్లు జబ్బు కూడా ఆ కడుగుడులోనే కొట్టుకుపోయేది. మేము శుభ్రమైన బండిని చూసి మందు రాసేవాళ్ళం.

తోలుకొచ్చింది ఆసామి బావమరిది. పాతికేళ్ళు దాటని మనిషి. సెంటు భూమి లేదు, అక్కగారింట్లో ఉంటూ ఈ బండి తోలుతున్నాడు. చీరాల వైపు పిల్లను ఖాయం చేసుకున్నారు. అబ్బాయికి చేతిలో స్టీరింగుందన్న ఒక్క మాట మీద పిల్ల తండ్రి ఒప్పుకున్నాడట.

"మేస్త్రీ, దీనికి పవరు పెంచాలయ్యా," అన్నాడు ఆసామి దిగీ దిగకుండానే.

"ఏమైందండీ?"

"సాగరు కాలవ వంతెన ఎక్కట్లా. టిక్కీలేస్తే సగంలో నల్లపొగ కక్కి ఆగుద్ది. పైన కూర్చున్న రైతులు దిగి తోస్తే గానీ కదలదు. ఊళ్ళో జనం నవ్వుతుండారు."

"పాతబడింది గదా బావా," అన్నాడు బావమరిది.

"నేను తోలినప్పుడు పాతబళ్ళా. నువ్వు కూర్చున్నాకే పాతబడింది."

తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. పిలిచి, బావమరిదికి స్పష్టంగా వినపడేంత గట్టిగా రహస్యం చెప్పాడు. "ఇంజనుకి పవరన్నా పెంచు, లేకపోతే వీడికి తోలడం చాతకాదనన్నా చెప్పు. మా పెదనాన్న కొడుకు లారీ తోలినోడు, ఊళ్ళో ఖాళీగా ఉండాడు. వాణ్ణి ఎక్కిస్తా. ఇంట్లో దానికి నేను సమాధానం చెప్పుకుంటా."

బావమరిది పక్కకు తిరిగి అద్దం తుడుస్తూ నిలబడ్డాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

పవరు పెంచడానికి మూడు దారులుంటాయి, షెడ్డులో మేము ముగ్గురం ఉన్నాం. కాబట్టి మనిషికొకటి పట్టుకున్నాం. పాత లారీ నుంచి దించిన పెద్ద ఇంజను ఒకటి మూలన పడి ఉంది, దాన్ని ఎక్కించేద్దామన్నాడు మా యజమాని. పెద్ద ఇంజనంటే పెద్ద గేరుబాక్సు, ఇంజనును కూర్చోబెట్టే కొత్త ఫౌండేషన్లు, ఆర్టీవో ఆఫీసులో కాగితాలు. రోడ్డు మీద తిరిగే బండిని పోలీసు ఆపినప్పుడల్లా ఆసామి ఈ కథంతా మొదట్నుంచి చెప్పుకోవాలి. ముందు చక్రాల మీద బరువు పెరిగి స్టీరింగు తిప్పడానికి ఇద్దరు కావాలి. అది వద్దన్నాను.

మా పంపు మేస్త్రి డీజిల్ పంపులు బాగుచేయడంలో ఘనుడు. ఆయన దృష్టిలో లోకంలోని కష్టాలన్నీ పంపు స్క్రూ అరచుట్టు తిప్పితే తీరతాయి. "డీజిల్ పెంచుదాం. వంతెనేంటి, కొండవీడు ఎక్కుద్ది," అన్నాడు.

"ఇప్పటికే నల్లపొగ వస్తోందంటున్నారు. డీజిలు ఎక్కువయ్యో, గాలి తక్కువయ్యో వస్తుంది. ఇంకా డీజిల్ పోస్తే పిస్టన్లు కాలిపోతాయి," అన్నాను.

మూడో దారి టర్బో. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడిగాలితో చిన్న చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజనుకి ఎక్కువ గాలి పట్టిస్తారు. పారేసే దాన్ని తిరిగి ఊపిరిగా మార్చే ఏర్పాటు అది. ఈ విషయం మీద నేను ఒక ఆదివారం సంఘంలో పది నిమిషాలు మాట్లాడాను. రక్షణకు పోలిక చెప్పాననే అనుకున్నాను. ఇకమీదట ప్రసంగాల్లోకి సైలెన్సరు తీసుకురావద్దని అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ప్రేమగా చెప్పారు.

నిర్ణయించే ముందు నేను ఒక పక్కకు వెళ్ళి ప్రార్థన చేసుకున్నాను. తిరిగొచ్చాక పంపు మేస్త్రి అడిగాడు.

"ఏమన్నాడు దేవుడు? పంపా, టర్బోనా?"

"గాలి సంగతి చూడమన్నాడు."

ఎయిర్ ఫిల్టరు విప్పాను. లోపల ధూళి లేదు, నుసి లేదు. మిరపకాయలు తోలే బండిలో అంత శుభ్రమైన ఫిల్టరు నా సర్వీసులో చూడలేదు. దాన్ని చూసి నేను అనుమానపడి ఉండాల్సింది. సంతోషపడ్డాను. దేవుడు చెప్పింది సరైన చోటే. ఫిల్టరు దగ్గర ఆగిపోకుండా గొట్టం వెంట ఇంకొక్క మూర పైకి చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

టర్బో ఖాయమైంది. పోలీసులకు కనపడదు, ఇంజను నంబరు మారదు, పంపును చిటికెడు సర్దితే చాలు. పాతబడ్డ ఇంజనుకి కాస్త ఎక్కువ ఊపిరి ఇస్తే వంతెన ఎక్కుతుందని నా లెక్క. దానికి తగ్గట్టు బ్రేకులు కూడా మార్చాలన్నాను. పరుగు గురించి వచ్చినవాడికి ఆగడం గురించి చెబితే నచ్చదు గానీ, ఆసామి ఒప్పుకున్నాడు. ఆ పని జరిగినన్ని రోజులూ బావమరిది షెడ్డులోనే ఉన్నాడు. నేను పానా అడిగేలోపే అందించేవాడు. ఒక మధ్యాహ్నం చెమట పట్టి, తలుపు మీద ఆరేసి ఉన్న ఎర్ర తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకున్నాను. సాయంత్రం దాకా కళ్ళు మండిపోయాయి. మిరపకాయల బండిలో తువ్వాలు కదా, అంతేలే అనుకున్నాను. ఆ సాయంత్రం ప్రార్థన కూడికలో నా ఎర్రబడ్డ కళ్ళు చూసి, ప్రార్థన భారంతో ఏడ్చానని సంఘంలో కొందరు మెచ్చుకున్నారు.

బండి తీసుకెళ్ళే రోజు ఆసామి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టి, నా వైపు తిరిగాడు. "నీ ప్రార్థన కూడా ఒకటి చేసెయ్ మేస్త్రీ. పోయేదేముంది." బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. బానెట్టు కాలుతోంది కాబట్టి ప్రార్థన క్లుప్తంగా ముగిసింది. తర్వాత ఇసుక బస్తాలు నింపి, హైవే మీద ఎత్తున్న చోట్లకల్లా తీసుకెళ్ళి చూశాం. టర్బో సన్నగా ఈల వేసుకుంటూ ఎక్కింది. నల్లపొగ లేదు. బావమరిది నవ్వడం నేను మొదటిసారి చూశాను.

వారం తిరక్కుండా ఆసామి మళ్ళీ వచ్చాడు. ఈసారి బండి ఒక్కటే కడిగి ఉంది, ఆయన ముఖం కడుక్కున్నట్టు లేదు.

"ఇసుక లాగుద్దంట, మిరగాయలు లాగదంట. ఇదేం చోద్యమయ్యా?"

"మళ్ళీ ఆగిందా?"

"ఆగిందా అంటావేంది. ఇదివరకు సగంలో ఆగేది. ఇప్పుడు మొదట్లోనే ఆగింది. నీ టర్బో పెట్టినాక ఇంకాస్త పొగ కూడా."

మేము మళ్ళీ ఇసుక నింపాం. మళ్ళీ ఎక్కింది. పంపు విప్పి చూశాం, టర్బో విప్పి చూశాం. ఫిల్టరు పెళ్ళికొడుకులా మెరుస్తోంది. పంపు మేస్త్రి చేతులు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "ఇది మిరగాయలంటే గిట్టని బండి. పత్తి వేసుకోమనండి."

"పత్తి వేస్తే బానే పోద్ది," అన్నాడు బావమరిది నిజాయితీగా.

ఆసామి వాడి వైపు చూశాడు. "ఏరా, బండికి తెలుసుద్దా ఏం కాయలేశామో? తోలేవాడికి తెలుసుద్ది." నాతో అన్నాడు: "రేపు పొద్దున లోడేస్తున్నాం. నువ్వే వచ్చి చూడు. మా పెదనాన్న కొడుకుని కూడా ఎక్కిస్తా. వంతెన మీద ఆగిందా, అక్కడే వీడు దిగుతాడు, వాడు కూర్చుంటాడు."

మర్నాడు నేను వెళ్ళేసరికి కల్లంలో టిక్కీలు ఎత్తుతున్నారు. ఎండుమిరపకాయలు కదిలించినప్పుడు లేచే ఘాటు మీకు తెలియనిది కాదు. ఎత్తేవాళ్ళు, తొక్కేవాళ్ళు, నీళ్ళు మోసే ఆడవాళ్ళు, అందరూ ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని ఉన్నారు. నాకూ ఒకటి ఇచ్చారు. ఆసామి, నేను క్యాబినులో కూర్చున్నాం. బావమరిది తాళ్ళు సరిచూసి వస్తానని వెనక్కి వెళ్ళి, కాసేపటికి తడి చేతులతో వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. పైన టిక్కీల మీద నలుగురు రైతులు, వాళ్ళతో పాటు పెదనాన్న కొడుకు.

వంతెన మొదలవుతూనే బండి ఆయాసపడింది. నేను టర్బో ఈల కోసం చెవి పెట్టాను. వస్తోంది గానీ, మనిషి నోటికి గుడ్డ కట్టి ఈల వేయమన్నట్టుంది. అద్దంలో నల్లపొగ. బండి ఆగింది. పైనుంచి రైతులు అలవాటుగా దిగి, చక్రాల వెనక రాళ్ళు పెట్టారు. పెదనాన్న కొడుకు చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతున్నాడు.

"ఏరా, ఇంక నువ్వు దిగు," అన్నాడు ఆసామి, ఎదర రోడ్డు వైపే చూస్తూ.

బావమరిది దిగాడు. నేనూ దిగి, ఆ ఈల ఎక్కడ నొక్కుకుపోతోందో చూద్దామని క్యాబిను వెనక్కి నడిచాను. గాలి గొట్టం మూతికి ఎర్ర తువ్వాలు చుట్టి, గోనె పురికొసతో బిగించి కట్టి ఉంది. తడిసిన బట్ట మీద మిరప ధూళి పట్టి మట్టి మెత్తినట్టయింది. నడిమి భాగం గొట్టంలోకి పీల్చుకుపోయి గిన్నెలా గుంటపడింది. బావమరిది నా వెనకే వచ్చాడు.

"ఇదేంటయ్యా?"

"తువ్వాలండి."

"అది తెలుస్తోంది. ఇక్కడెందుకుంది?"

"ఘాటు లోపలికి పోకుండా మేస్త్రి గారూ. టిక్కీలు పక్కనే గదా. గుడ్డ లేకపోతే మనకే గుండెలు పట్టేసేట్టు దగ్గొస్తుండె. అది నోరులేనిది, చెప్పుకోలేదు గదా."

"ఎప్పట్నుంచి కడుతున్నావు?"

"కాయలేసినప్పుడల్లా. యార్డులో దించాక విప్పి ఉతికేస్తా."

"పత్తి వేసినప్పుడో?"

"పత్తికి ఘాటేముందండి."

నేను తల వంచి పురికొస ముడులు విప్పడం మొదలుపెట్టాను. తడికి బిగుసుకుపోయి కాసేపు పట్టింది. ఆ కాసేపట్లో వాడికి అర్థమైంది. ముఖంలో రంగు పోయింది.

"మా బావకి చెప్పమాకండి మేస్త్రి గారూ. మీ దేవుడి మీద ఒట్టు."

"అడక్కుండా చెప్పను. అడిగితే అబద్ధం చెప్పను."

"అడుగుతాడండి."

"అడుగుతాడు. ముందు ఎక్కి స్టార్ట్ చెయ్యి."

పెదనాన్న కొడుకు తలుపు దాకా వచ్చేలోపే వాడు తువ్వాలు చంకలో దోపుకుని ఎక్కి కూర్చున్నాడు. రైతులు వెనక చేతులు ఆనించారు. టర్బో ఈల ఈసారి గొంతు విప్పింది. బండి రాళ్ళను వదిలేసి ఒక్క ఊపున పోయింది. తోస్తున్నవాళ్ళు కాసేపు గాలిని తోశారు, ఇద్దరు రోడ్డు మీద కూర్చుండిపోయారు. వంతెన నడినెత్తి మీద బండి ఆగి మా కోసం చూస్తోంది. పొగ లేదు.

మేము నడిచి చేరేసరికి ఆసామి దిగి నిలబడి ఉన్నాడు. వెనక వచ్చిన ఎడ్లబండ్లవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు కూడా గుమిగూడారు.

"ప్రార్థన చేశావు గదా మేస్త్రీ," అన్నాడు ఆయన. గొంతులో నేనెప్పుడూ వినని మెత్తదనం. "నేను అద్దంలో చూశా. క్యాబినెనక తలొంచుకుని నిలబడ్డావు, చాలాసేపు."

గుమిగూడిన జనమంతా నా వైపు చూశారు. ఒకాయన తలపాగా తీశాడు.

ఉద్యోగంలో నేను ఎదుర్కొన్న శోధనల్లో అది పెద్దది. అవునంటే చాలు. బావమరిది స్టీరింగు నిలుస్తుంది, పెళ్ళి నిలుస్తుంది. నిండు వంతెన మీద, అంతమంది ముందు నా దేవుడికి మహిమ వస్తుంది. ఆ పొద్దున నేను ప్రార్థన చేసుకున్న మాట కూడా నిజమే, కాబట్టి పూర్తి అబద్ధం కూడా కాదు. శోధన ఎప్పుడూ ఇంత శుభ్రంగా కడిగి, బొట్టు పెట్టుకునే వస్తుంది. నా దేవుడికి నా అబద్ధంతో పని లేదన్నది నేను చిన్నప్పటి నుంచీ విన్న మాట. ఆయనకు పని లేదు సరే, ఎదురుగా నిలబడ్డ ఈ మనిషికి ఉంది.

"తల వంచింది ముడి విప్పడానికండీ," అన్నాను.

"ఏం ముడి?"

నేను నోరు తెరిచాను. ఈలోపు బావమరిది క్యాబినులోంచి దిగి, తువ్వాలు రెండు చేతులా పట్టుకుని ముందుకొచ్చాడు.

"నేను కట్టిన ముడి బావా. ఇంజనుకి ఘాటు తగలకుండా గొట్టానికి ఇది కడుతున్నా. దానికి ఊపిరాడలా. తప్పు నాదే. టర్బోది కాదు, మేస్త్రి గారిది కాదు."

ఆసామి తువ్వాలును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నా తువ్వాలు గదరా."

"అక్కిచ్చింది. మీ బావకి బండంటే పాణం, ఘాటు తగలనీమాక అని తనే తడిపి ఇచ్చింది మొదటిసారి."

తోసినవాళ్ళలో ఒక ముసలి రైతు పంచెకంటిన దుమ్ము దులుపుకుంటూ అన్నాడు: "వాడొక్కడిదే ఏముందయ్యా తప్పు. కట్టేటప్పుడు రోజూ చూస్తానే ఉండాం. నీళ్ళు మా ఇంటి తొట్టిలోయే. కుర్రాడు బుద్ధిమంతుడు, బండిని మనిషిలా చూసుకుంటుండాడని మా ఆడోళ్ళు కూడా అనుకున్నారు."

ఊరు ఊరంతా చూస్తున్న తువ్వాలు అది. చూడనివాళ్ళం ఇద్దరమే. ఎప్పుడూ క్యాబినులో కూర్చునే ఆసామి ఒకడు, కడిగిన బండిని మాత్రమే చూసే మేస్త్రి ఒకడు.

ఆసామి తువ్వాలును తలుపు మీద ఆరేశాడు. తర్వాత తలుపు పక్కన చెప్పులు పట్టుకుని నిలబడ్డ పెదనాన్న కొడుకు వైపు తిరిగాడు.

"నువ్వెందుకు దిగావురా? పైకెక్కు. యార్డుకి పొద్దుపోతోంది."

దారిలో ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. "అయితే టర్బో అక్కర్లేదన్నమాట?"

"అక్కర్లేదండి."

"తీసెయ్యమాక. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నా." మళ్ళీ తనే, "బ్రేకులు మార్చడం మంచిదైంది," అన్నాడు. ఆ తర్వాత ఆ బండి వంతెన ఎక్కే వేగం చూస్తే ఆ మాట నిజమే.

నెల తిరక్కముందే మా సంఘానికి ఆసామి దగ్గర్నుంచి ఒక టిక్కీ మిరపకాయలు వచ్చాయి. ప్రార్థన వల్ల కాదని చెప్పాను కదండీ అంటే, మొక్కుకున్నది మొక్కుకున్నదేనని కబురు చేశాడు. అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, దేవుడు బండికి సరిపడా ఊపిరే ఇచ్చాడు, మనమే ప్రేమకొద్దీ మూతికి గుడ్డ కట్టాం అని చెప్పి కూర్చున్నాను. ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పై ఆదివారం అయ్యగారు ఆ ఒక్క ముక్క మీద గంటకు పైగా ప్రసంగించారు. సైలెన్సరు మాట నేనెత్తలేదు.

అందుకే కుర్రాళ్ళతో అంటుంటాను. పవరు పెంచమని బండి తెస్తే, ఏ పార్టు బిగించాలని కాదు, ఇంట్లో ఈ బండిని ఎవరు ముద్దు చేస్తున్నారని ముందు అడగండి అని. వాళ్ళు నవ్వుతారు. కంప్యూటరులో ఆ ప్రశ్న లేదంటారు.

నాకు మాత్రం ఆ రోజు గుంటూరు యార్డు గేటు గుర్తుంటుంది. ముందు బండ్ల వరస, దారి పొడవునా టిక్కీలు, గాలి నిండా ఘాటు. ముగ్గురం క్యాబినులో తెగ దగ్గుతున్నాం. బావమరిది తలుపు తీసి ఒక కాలు కిందపెట్టి, అలవాటు కొద్దీ వెనక్కి వెళ్ళబోయి, ఆగిపోయాడు. ఆసామి తన భుజం మీది కొత్త తువ్వాలు తీసి, సీసాలో నీళ్ళతో తడిపి, వాడి చేతికిచ్చాడు.

"కట్టుకో," అన్నాడు. "నీ ముక్కుకి."